పంచె కట్టుకుని లగ్జరీ కార్ల షోరూంకు వెళితే ఎందుకు పలకరించరు?

మీ ప్రశ్నను ముందు నాలుగు మాటల్లో చెబుతాను, చదివే మిగతావాళ్లకూ సంగతి తెలుస్తుంది. మీది పులివెందుల దగ్గర పల్లె. చీనీ (బత్తాయి) తోట ఉంది, కడపలో వ్యాపారం ఉంది. అరవై, డెబ్భై లక్షల్లో ఒక జర్మన్ ఎస్‌యూవీ తీసుకుందామని ఆదివారం నాయనను వెంటబెట్టుకుని బెంగళూరులో ఒక షోరూంకు వెళ్లారు. ఆయన పంచెలో ఉన్నారు, మీరు చెప్పులతో ఉన్నారు. చాలాసేపు ఎవరూ దగ్గరకు రాలేదు. చివరికి వచ్చిన కుర్రాడు వస్తూనే బడ్జెట్ ఎంత అన్నాడు. టెస్ట్ డ్రైవ్ అడిగితే సోమవారం ఫోన్ చేస్తామన్నాడు. ఆ ఫోన్ ఇంతవరకూ రాలేదు. మంచి బట్టలు వేసుకుని మళ్లీ వెళ్లాలా, లేక డబ్బు సంచి తీసుకెళ్లి వాళ్ల ముందు కుమ్మరించాలా అని అడిగారు.

రెండూ వద్దు తమ్ముడూ. వారం మధ్యలో ఫోన్ చేసి, అపాయింట్‌మెంట్ తీసుకుని, నాయనను అదే పంచెతో తీసుకెళ్లండి. ఎందుకో వివరంగా చెబుతాను. నాది అనంతపురం. బెంగళూరులో ఒక లగ్జరీ బ్రాండ్ షోరూంలో సేల్స్ కన్సల్టెంట్‌గా చేరి, సేల్స్ మేనేజర్ దాకా పనిచేసి, ఇప్పుడు సొంత ఊళ్లో పాత కార్ల వ్యాపారం చేసుకుంటున్నాను. అమ్మేవాళ్ల లెక్కలు ఎలా ఉంటాయో లోపలి నుంచి చూసినవాడిని.

షోరూంలో అడుగుపెట్టిన ప్రతి ఒక్కరి పేరూ నంబరూ రిసెప్షన్‌లో రాసుకుంటారు. ఆ పేరు వరుస ప్రకారం ఒక కన్సల్టెంట్‌కు వెళుతుంది. అతను మీతో కాసేపు మాట్లాడి, కంప్యూటర్‌లో హాట్, వార్మ్, కోల్డ్ అనే మూడింటిలో ఒక ముద్ర వేస్తాడు. ఈ నెలలో కొనేలా ఉంటే హాట్. రెండు మూడు నెలలు పట్టేలా ఉంటే వార్మ్. కోల్డ్ అంటే ఫోన్ చేయకపోయినా మేనేజర్ అడగని పేరు. మీ పేరు కోల్డ్‌లో పడింది. సోమవారం ఫోన్ రాకపోవడానికి కారణం అదే.

ఈ ముద్రకు మీ ఆస్తితో పెద్దగా సంబంధం లేదు. వంద ఎకరాలున్న ఆసామి వచ్చి "వచ్చే ఉగాదికి చూద్దాంలే" అంటే ఆయనా కోల్డే. అద్దె ఇంట్లో ఉంటూ బ్యాంకు లోన్ శాంక్షన్ లెటర్ పట్టుకుని వచ్చిన సాఫ్ట్‌వేర్ కుర్రాడు హాట్. సేల్స్‌మన్‌కు కావాల్సింది ఈ నెల సంతకం పెట్టే మనిషి. అతనికి స్థిరంగా వచ్చే జీతం తక్కువ. డెలివరీ అయిన బండి మీద, దాంతోపాటు అంటగట్టిన ఇన్సూరెన్స్, ఫైనాన్స్, యాక్సెసరీలు, ఎక్స్‌టెండెడ్ వారంటీ మీద వచ్చే ఇన్సెంటివ్‌తోనే ఇల్లు గడుస్తుంది. నెలకు అమ్మే బండ్లు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. చేతిదాకా వచ్చిన ఒక్క బుకింగ్ జారిపోయినా ఆ నెలంతా టెన్షనే.

దానికి తోడు మీరు వెళ్లింది ఆదివారం. ఆ రోజు షోరూం తిరునాళ్లలా ఉంటుంది. పిల్లలకు కార్లు చూపించడానికి వచ్చే కుటుంబాలు, రీల్స్ తీసుకునే కాలేజీ పిల్లలు, స్టీరింగ్ పట్టుకుని ఫోటో దిగి వెళ్లేవాళ్లు. పక్క మాల్‌లో సినిమాకు టైం ఉందని ఏసీ కోసం వచ్చి కూర్చునేవాళ్లను కూడా చూశాను. అంతమందిలో ఎవరు కొంటారో అర నిమిషంలో తేల్చుకోవాలి కాబట్టి కుర్రాళ్లు కళ్లకు కనిపించినదాన్ని బట్టి తేల్చేస్తారు. గడియారం, బూట్లు, ఇంగ్లిష్. పంచె, చెప్పులు కనిపించగానే పక్కకు తప్పుకుంటారు. నేను దాన్ని సమర్థించడం లేదు, అది బద్ధకం. అయితే ఎవరికి ఆ బద్ధకం ఎక్కువో గమనించండి. కొత్తగా చేరినవాళ్లకు. మూడు నాలుగేళ్లు పాతబడిన కన్సల్టెంట్ పంచె కనిపిస్తే కుర్చీలోంచి లేచి ఎదురొస్తాడు. దేవనహళ్లి విమానాశ్రయం చుట్టుపక్కల భూములు అమ్ముకున్న రైతులకు, తాడిపత్రి గ్రానైట్ వాళ్లకు, ఆదోని పత్తి వ్యాపారులకు, ధర్మవరం చీరల షావుకార్లకు బండి అమ్మినవాడికి బట్టల మీద భ్రమలు మిగలవు. మీకు తగిలింది కొత్తవాడు. అతను షోరూంకు బైకు మీద వచ్చే కుర్రాడే. తన పదేళ్ల జీతం ఖరీదు చేసే బండి పక్కన రోజంతా నిలబడి, ఆ బండి తన సొంతం అయినట్టు ప్రవర్తించడం ఆ వయసులో చాలామందికి వస్తుంది.

అనుభవం ఉన్నవాళ్లు వేరే గుర్తులు చూస్తారు. మీరు దిగిన బండి ఏమిటి, అది ఎన్నేళ్ల పాతది అన్నది మొదటిది. గాజు గోడలోంచి పార్కింగ్ కనిపించేలా బల్లలు వేసుకునేది అందుకే. నాలుగైదేళ్ల నాటి ఫార్చ్యూనర్‌లో దిగినవాడు మారుస్తాడు. నిరుడు కొన్న బండిలో దిగినవాడు చూసి వెళ్లిపోతాడు. రెండోది అడిగే ప్రశ్నలు. టాప్ స్పీడ్ ఎంత, సన్‌రూఫ్ ఎంత తెరుచుకుంటుంది అనేవాడు ఎక్కువగా కొనడు. గ్రౌండ్ క్లియరెన్స్ ఎంత, సర్వీస్ ఎన్ని కిలోమీటర్లకు, ఐదేళ్ల తర్వాత ఎంతకు పోతుంది అనేవాడు కొంటాడు. మూడోది ఇంట్లోవాళ్లు. భార్య వెనక సీట్లో కూర్చుని ఏసీ గాలి అందుతోందా లేదా అని చూస్తే, పెద్దాయన ఎక్కడానికి ఎత్తు ఎక్కువైందని అంటే, ఆ కుటుంబంలో నిర్ణయం సగం అయిపోయినట్టే. మీ నాయన వెంట ఉండటమే మంచి గుర్తు. ఆ కుర్రాడికి అది చదవడం రాలేదు.

మన ప్రాంతం వాళ్లకు ఇంకో చిక్కు ఉంది, దీని గురించి ఎవరూ చెప్పరు. ఆంధ్రా నంబర్ ప్లేటు చూడగానే బెంగళూరు సేల్స్‌మన్ మనసులో ఒక లెక్క నడుస్తుంది. వీళ్లు ఇక్కడ కొటేషన్ తీసుకుని, దాన్ని చూపించి హైదరాబాదులోనో విజయవాడలోనో కొంటారేమో అని అనుమానం. కొన్ని బ్రాండ్లలో వేరే డీలర్ ప్రాంతంలోని కస్టమర్‌కు అమ్మితే పేచీలు కూడా వస్తాయి. ఒకవేళ ఇక్కడే కొన్నా టెంపరరీ రిజిస్ట్రేషన్ చేయించి, ఆంధ్రాలో లైఫ్ ట్యాక్స్ కట్టేలా పంపాలి. అతనికి అది అదనపు పని. కడప నుంచి బెంగళూరు 250 కిలోమీటర్లకు అటూ ఇటూ, కర్నూలు నుంచి హైదరాబాదు 200 దాటుతుంది. రాయలసీమ వాళ్లం ఏ పక్కకు పోయినా పొరుగూరి కస్టమర్లమే. అందుకే ఫోన్‌లోనే "బండి ఆంధ్రాలో రిజిస్టర్ చేయిస్తాం, ఆంధ్రా లైఫ్ ట్యాక్స్‌తో ఆన్-రోడ్ రేటు కావాలి" అని మీరే చెప్పేయండి. ఈ ఒక్క వాక్యంతో మీరు అడ్రసు లేని వాక్-ఇన్ నుంచి పని తెలిసిన కస్టమర్ అయిపోతారు.

ఈ సందర్భంలో కొందరు సేల్స్‌మన్లు పాండిచ్చేరి రిజిస్ట్రేషన్ సలహా ఇస్తారు, ట్యాక్స్ లక్షల్లో మిగులుతుందని. ఒప్పుకోవద్దు. మోటారు వాహనాల చట్టం ప్రకారం మీరు ఉండే చోట, లేదా బండి మామూలుగా ఉంచే చోట రిజిస్ట్రేషన్ చేయించాలి. వేరే రాష్ట్రం బండిని 12 నెలలకు మించి ఇక్కడ ఉంచితే ఇక్కడి నంబరు తీసుకోవాల్సిందే. అప్పుడు పరుగులు పెట్టేది మీరు, సలహా ఇచ్చినవాడు అప్పటికి వేరే బ్రాండ్‌లో ఉంటాడు.

వృత్తి ఏమిటని అడిగినప్పుడు "వ్యవసాయం" అంటే ముఖం మారిపోయిందని రాశారు. అక్కడ చిన్నచూపు కొంత ఉండవచ్చు కానీ అసలు భయం ఫైనాన్స్ ఫైలు. బ్రాండ్ల సొంత ఫైనాన్స్ కంపెనీలు, బ్యాంకులు సాధారణంగా రెండు మూడేళ్ల ఐటీ రిటర్నులు అడుగుతాయి. వ్యవసాయ ఆదాయానికి పన్ను లేదు కాబట్టి మన రైతుల్లో చాలామంది రిటర్నులు వేయరు. ఫైలు వెనక్కి వస్తే రెండు వారాలు పోతాయి, అతని నెల అందులోనే అయిపోతుంది. దీనికి మందు మీ దగ్గరే ఉంది. షోరూంకు వెళ్లకముందే మీ ఖాతా ఉన్న బ్యాంకుకు వెళ్లి పట్టాదారు పాస్‌బుక్కులు, వన్-బీ (భూమి రికార్డు), చీనీ కాయలు అమ్మిన డబ్బు పడిన స్టేట్‌మెంట్లు, కడప వ్యాపారం జీఎస్టీ రిటర్నులు చూపించి ఎంతవరకు ఇస్తారో రాయించుకోండి. ఆ కాగితం జేబులో ఉంటే షోరూంలో ఎవరూ వృత్తి అడగరు. షోరూం వాళ్లు చూపించే వడ్డీతో పోల్చుకోవడానికి కూడా పనికొస్తుంది.

ఇక డబ్బు సంచి సంగతి. మీకు ఆ ఆలోచన ఎక్కడి నుంచి వచ్చిందో ఊహించగలను. 2022 జనవరిలో తుమకూరులోని మహీంద్రా షోరూంకు బొలేరో పికప్ కొనడానికి ఒక రైతు వెళ్లారు. పది లక్షల బండి అది, నీ జేబులో పది రూపాయలు కూడా ఉండవన్నట్టు సేల్స్‌మన్ మాట్లాడాడని, ఆయన పంతం పట్టి గంటలోపే పది లక్షలు తెచ్చి చూపించారని వార్తలు వచ్చాయి. వీడియో దేశమంతా తిరిగింది, ఆనంద్ మహీంద్రా కూడా స్పందించారు. అందరూ చప్పట్లు కొట్టారు, నేను కూడా మనసులో కొట్టాను. అయితే చప్పట్లలో రెండు విషయాలు మరుగున పడిపోయాయి. ఆ పది లక్షలకు ఆ రోజే ఇవ్వడానికి షోరూంలో బండి లేదు. ఇంకోటి, ఒక లావాదేవీలో రెండు లక్షలు, అంతకు మించి నగదు తీసుకోకూడదని ఆదాయపు పన్ను చట్టంలో 2017 నుంచి నిబంధన ఉంది. తీసుకున్నవాళ్లకు అంత మొత్తమూ జరిమానా పడుతుంది. అంటే ఆ పది లక్షలు నగదుగా తీసుకోవడం చట్టప్రకారం కుదరదు. మీరు డెబ్భై లక్షలు సంచిలో తీసుకెళితే గౌరవం మాట పక్కనపెట్టండి, అకౌంట్స్ మేనేజర్ భయపడి ఇద్దరు సెక్యూరిటీ వాళ్లను పిలుస్తాడు. చెక్కో ఆర్టీజీఎస్సో చేయండి.

పంతం మీద కొనడం గురించి ఇంకొంచెం చెప్పాలి, మనవాళ్ల జేబుకు అన్నిటికంటే పెద్ద చిల్లు అక్కడే పడుతుంది. అవమానం జరిగిన షోరూంలో మీకు పోయింది ఒక ఆదివారం, కాస్త డీజిల్. మర్యాద దొరికిన షోరూంలో లక్షలు పోతాయి. ఎలాగో చూడండి. అపాయింట్‌మెంట్‌తో వెళితే గుమ్మంలో తెర మీద మీ పేరు వెలుగుతుంది. కాఫీ, కాజు, పెద్దాయనకు శాలువా. ఇదంతా ట్రైనింగ్‌లో నేర్పేదే, తప్పేమీ లేదు, హాయిగా కాఫీ తాగండి. ఆ తర్వాత మెల్లగా మొదలవుతుంది. "సార్, మీ స్థాయికి ఈ వేరియంట్ చిన్నదవుతుంది." "మీ కడపలోనే మొన్న ఒకాయన టాప్ మోడల్ తీసుకున్నారు, పేరు చెప్పకూడదు." ఆ పేరు చెప్పకూడని మనిషి చాలాసార్లు ఉండడు. అది మన బలహీనతకు వేసిన గాలం. ఎదుటివాడి గేటు ముందు నిలిచిన బండి కంటే మనది ఒక మెట్టు పైన ఉండాలన్న పట్టుదల సీమలో ఎంత ఉందో బెంగళూరు, హైదరాబాదు షోరూంలలో అందరికీ తెలుసు. అనంతపురం, కర్నూలు, కడప కస్టమర్ అనగానే కొందరు మేనేజర్లు పై వేరియంట్ కొటేషన్ ముందే ప్రింట్ తీసి పెట్టుకుంటారు.

వేరియంట్ దాటాక యాక్సెసరీల ప్యాక్ వస్తుంది. సెరామిక్ కోటింగ్, మ్యాట్లు, అంబ్రెల్లా, సైడ్ స్టెప్పులు. కోటింగ్ బయట మంచి దుకాణంలో చాలా తక్కువకు అవుతుంది. ఇన్సూరెన్స్ మీద మార్జిన్ ఇంకా ఎక్కువ. షోరూం ఇచ్చే పాలసీయే తీసుకోవాలని ఎక్కడా లేదు. కొత్త కారుకు థర్డ్ పార్టీ బీమా (ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి) మాత్రం మూడేళ్లకు కట్టాలి, 2018 నుంచి అదే నిబంధన. సొంత డ్యామేజీ భాగం ఏడాదికి తీసుకోవచ్చు. అదే ఐడీవీ (బీమాకు లెక్కగట్టే బండి విలువ), అవే కవర్లు పెట్టి బయట రెండు కంపెనీల కొటేషన్ తెప్పించి బల్ల మీద పెట్టండి. ఈ ధర బండ్లలో తేడా వేలల్లో ఉంటుంది, ఒక్కోసారి లక్షకు కూడా చేరుతుంది. కాగితం చూశాక "సార్, మేనేజర్‌తో మాట్లాడి వస్తా" అని లోపలికి వెళ్లి, కాసేపు కూర్చుని, తగ్గించిన అంకెతో బయటికి వస్తాడు. ఆ కాసేపట్లో మేనేజర్‌తో మాట్లాడేది తక్కువ, వాట్సాప్ చూసుకునేది ఎక్కువ.

బేరం ఎక్కడ పనిచేస్తుందో బ్రాండ్‌ను బట్టి మారుతుంది. మెర్సిడెస్ 2021 అక్టోబరు నుంచి భారత్‌లో పద్ధతి మార్చింది. బండ్ల స్టాకు కంపెనీదే, బిల్లు కంపెనీయే ఇస్తుంది, డీలర్‌కు కమిషన్ వస్తుంది. దేశమంతా ఎక్స్-షోరూం ధర ఒకటే కాబట్టి అక్కడ ధర మీద సేల్స్‌మన్‌తో గొడవపడి లాభం లేదు. ఎక్స్‌చేంజ్ విలువ, ఇన్సూరెన్స్, వారంటీల దగ్గర మాట్లాడండి. డీలరే స్టాకు కొని అమ్మే బ్రాండ్లలో నెలాఖరు, క్వార్టర్ ఆఖరు, డిసెంబరు మంచి రోజులు. డిసెంబరు డిస్కౌంటుకు ఆశపడితే ఫారం 21 చూడండి. అమ్మకం సర్టిఫికెట్ అదే, అందులో బండి తయారైన నెల, సంవత్సరం ఉంటాయి. పోయిన ఏడాది మొదట్లో తయారైన బండిని కొత్త రేటుకు కట్టబెట్టడం అరుదేమీ కాదు.

పాత కొటేషన్ ఏదైనా దగ్గర పెట్టుకుని పోల్చుకుంటుంటే ఇది గుర్తుంచుకోండి. 2025 సెప్టెంబరు 22కు ముందు పెద్ద ఎస్‌యూవీల మీద 28 శాతం జీఎస్టీ, పైన 22 శాతం సెస్, మొత్తం 50. ఆ తేదీ నుంచి సెస్ తీసేసి 40 శాతం చేశారు. ఎలక్ట్రిక్ బండ్లకు 5 శాతమే. సేల్స్‌మన్ ఇంకా పాత అంకె నుంచి "ఇంత తగ్గించాం సార్" అని లెక్క చెబితే ఆ తగ్గింపులో ప్రభుత్వానిది ఎంత, అతనిది ఎంత అని అడగండి. మొహమాటపడతాడు.

పది లక్షలు దాటిన బండికి ఒక శాతం టీసీఎస్ (అమ్మేవాళ్లు ముందే వసూలు చేసి కట్టే ఆదాయపు పన్ను) కూడా బిల్లులో ఉంటుంది. డెబ్భై లక్షలకు డెబ్భై వేలు. అది మీ పాన్ మీద జమ అవుతుంది, రిటర్ను వేస్తే పన్నులో సర్దుబాటు అవుతుంది, పన్నే లేకపోతే వెనక్కి వస్తుంది. వ్యవసాయ ఆదాయం మాత్రమే ఉన్నవాళ్లు రిటర్ను వేయక ఈ డబ్బు అక్కడే వదిలేస్తున్నారు. నా దగ్గరకు పాత బండి అమ్మడానికి వచ్చే పెద్దరైతుల్లో చాలామందికి ఇలాంటిది ఒకటి ఉందని కూడా తెలియదు, షోరూంలో శాలువా కప్పినవాళ్లు ఈ ముక్క చెప్పరు. బండి నాయన పేరు మీద తీసుకుంటే ఆయన పాన్ ఇవ్వండి. పాన్ లేకుండా వెళితే ఇంకా ఎక్కువ శాతం కోస్తారు.

మంచి సేల్స్‌మన్‌ను గుర్తుపట్టడానికి నాకు తెలిసిన పద్ధతి ఒకటుంది. అతనికి ఇబ్బంది కలిగించే ప్రశ్న అడగండి. మీకైతే ఇది అడగమంటాను: "రాత్రి పూట గువ్వలచెరువు ఘాట్‌లో టైరు పోతే ఏం చేయాలి?" చాలా జర్మన్ బండ్లలో పూర్తి సైజు స్పేర్ చక్రం ఉండదు. చిన్నది ఇస్తారు, లేదా రన్-ఫ్లాట్ టైర్లు వేస్తారు. రన్-ఫ్లాట్ గాలి పోయాక సాధారణంగా గంటకు 80 కిలోమీటర్లు దాటకుండా 80 కిలోమీటర్ల దాకా పోతుంది. దాంతో కడప చేరతారు, బెంగళూరు చేరరు. ఆ సైజు టైరు కడపలో ఆ రోజే దొరకడం కష్టం. "మన బండికి అలాంటిది జరగదు సార్" అన్నాడంటే లేచి వచ్చేయండి. "రోడ్‌సైడ్ అసిస్టెన్స్ ఉంది, కానీ మీ వైపు బండిని ఎక్కించుకెళ్లే ఫ్లాట్‌బెడ్ లారీ రావడానికి కొన్ని గంటలు పడుతుంది, టైరు మేం పంపాలి" అన్నవాడిని వదలకండి, అతని సొంత నంబరు తీసుకోండి. డీజిల్ బండి అయితే యాడ్‌బ్లూ (పొగను శుభ్రం చేయడానికి పోసే ద్రవం) గురించి, సర్వీస్‌కు బండిని తీసుకెళ్లి తెచ్చే ఏర్పాటు గురించి, దానికి చార్జీ ఎంతో కూడా అతన్నే అడగండి. కొన్నాక మీకు అసలు అవసరం పడేది ఈ మనిషితోనే. కాఫీ ఇచ్చిన అమ్మాయి, తెర మీద పేరు రాసిన అబ్బాయి అప్పటికి మీకు గుర్తుండరు.

టెస్ట్ డ్రైవ్ ఇంటికే అడగవచ్చు. బెంగళూరు నుంచి కడపకు వెంటనే పంపరు, కానీ మన పక్క ఇద్దరు ముగ్గురు కస్టమర్లు ఉంటే కలిపి ఒకరోజు బండి తెస్తారు. అప్పుడప్పుడు ఊళ్లో హోటల్ దగ్గర డిస్‌ప్లే కూడా పెడతారు. మీ తోట దారిలోనే నడిపి చూడండి. షోరూం చుట్టూ ఉన్న నున్నటి రోడ్డు మీద అన్ని బండ్లూ బాగానే ఉంటాయి.

ఒక పక్కమాట. పంచె కంటే పెద్ద గోడ ఇంకొకటి ఉంది, ఆడవాళ్లకు. కర్నూలు నుంచి ఒక డాక్టరమ్మ తన డబ్బుతో తన కోసం బండి చూడటానికి డ్రైవర్‌ను తీసుకుని వచ్చింది. మా ఫ్లోర్ మీద అబ్బాయి వివరాలన్నీ డ్రైవర్‌కు చెబుతున్నాడు. ఆమె పక్కనే నిలబడి నవ్వుతూ విన్నది, విని, వేరే బ్రాండ్ కొన్నది. ఆ ఇన్సెంటివ్ పోయిన అబ్బాయికి నెలాఖరుకు కానీ విషయం అర్థం కాలేదు. భార్యతోనో అక్కతోనో వెళ్లేవాళ్లు మొదటి నిమిషంలోనే "నడిపేది ఈవిడ, మాట్లాడేది ఈవిడతో" అని చెప్పేయండి.

మీకు జరిగిన దాని మీద ఫిర్యాదు చేయాలా అంటే, చేయండి. వీడియో వద్దు. డీలర్‌షిప్ జనరల్ మేనేజర్‌కు, బ్రాండ్ కస్టమర్ కేర్‌కు ఒకే ఈమెయిల్ రాయండి. ఏ తేదీ, ఏ సమయం, ఏ మోడల్ అడిగారు, సోమవారం ఫోన్ చేస్తామన్నది ఎవరు. తిట్లు రాయకండి. బ్రాండ్లు మామూలు కస్టమర్లలా మనుషులను పంపి షోరూంలను రహస్యంగా పరీక్షిస్తాయి, ఎంక్వైరీకి ఫోన్ చేశారా లేదా అని రికార్డులు చూస్తాయి. ఆ మార్కులు డీలర్‌కు వచ్చే డబ్బుతో ముడిపడి ఉంటాయి. తేదీతో సహా రాసిన చల్లటి ఈమెయిల్‌కు భయపడినంతగా వాళ్లు వైరల్ వీడియోకు భయపడరు, వీడియోకు క్షమాపణ చెబితే సరిపోతుంది కదా. మరుసటి రోజే మేనేజర్ ఫోన్ చేస్తాడు. చేశాక ఆ కుర్రాడి ఉద్యోగం తీయించమని మాత్రం అడగకండి. పాత కన్సల్టెంట్‌ను కేటాయించమని అడగండి, మీకు పనికొచ్చేది అది.

కొందరు ఇదంతా ఎందుకు, కడపలోనో అనంతపురంలోనో దొరికే ఫార్చ్యూనర్, కార్నివాల్ లాంటివి తీసుకోమంటారు. పెనుకొండలో కియా ఫ్యాక్టరీ వచ్చాక మన పక్క ఆ బ్రాండ్ అంటే సొంత మనిషిలా చూస్తారు కూడా. ఊరి షోరూంలో పంచె సమస్య అసలు రాదు. సేల్స్‌మన్‌కు మీ తాత పేరు కూడా తెలుసు. కానీ మీరు ఎంతకు కొన్నారో, ఎంత లోన్ పెట్టారో సాయంత్రానికి ఏడు రోడ్ల కూడలి దగ్గర టీ కొట్టులో తెలిసిపోతుంది. ఏది నయమో మీ ఇష్టం. ఏడాదికి ఎన్ని వేల కిలోమీటర్లు తిరుగుతారు, ఎంతసేపు తోట దారుల్లో, ఎంతసేపు హైవే మీద అన్నది మీరు రాయలేదు కాబట్టి అందులోకి నేను పోను.

ఇప్పుడు చేయాల్సింది ఇది. మంగళవారమో బుధవారమో పొద్దున అదే బ్రాండ్‌కు బెంగళూరులో ఉన్న ఇంకో డీలర్‌కు ఫోన్ చేయండి. మోడల్ పేరు, ఇంజిన్, ఎన్ని వారాల్లో కావాలి, పాత బండి ఏ సంవత్సరానిది, ఆంధ్రా రిజిస్ట్రేషన్ అని ఐదు ముక్కలు చెప్పండి. హైదరాబాదులో ఒక డీలర్‌ను కూడా అవే అడగండి. ఇద్దరి దగ్గరా ఎక్స్-షోరూం, లైఫ్ ట్యాక్స్, ఇన్సూరెన్స్, టీసీఎస్, హ్యాండ్లింగ్ పేరుతో ఏదైనా ఉంటే అదీ, విడివిడిగా రాసిన కొటేషన్ మెయిల్‌లో తెప్పించుకోండి. హ్యాండ్లింగ్ లైన్ ఉంటే కొట్టేయమనండి, చాలాసార్లు కొట్టేస్తారు. బుకింగ్ అడ్వాన్స్ ఇచ్చేముందు క్యాన్సిల్ చేస్తే ఎంత వెనక్కి ఇస్తారో ఫారం మీద చదివి, అర్థం కాకపోతే అడిగి, అప్పుడు సంతకం పెట్టండి. రెండు కొటేషన్లూ వచ్చాక ఇక్కడే రాయండి, ఏ లైన్‌లో ఎంత తగ్గుతుందో చూసి చెబుతాను.